కొండ ఎక్కబోతున్నారా? ఆగడం కూడా నేర్చుకోండి

మాఘమాసం వచ్చిందంటే చాలు, నరసరావుపేట చుట్టుపట్ల ఏ ఇంట విన్నా ఒకటే మాట: "ఈ ఏడు మెట్లదారిన నడిచి కోటప్పకొండ ఎక్కుతానని మొక్కుకున్నాను." ఆ మాట వెనకే మా ఓ.పి. గది ముందు ప్రశ్నలు వరస కడతాయి. "డాక్టరుగారూ, నాకు బి.పి. ఉంది, కొండెక్కవచ్చా?" "మా అమ్మకు షుగరు. ఉపవాసంతో ఎక్కుతానంటోంది. ఏం చెయ్యమంటారు?" "పోయిన సంవత్సరం ఎక్కివచ్చాక నాలుగు రోజులు మోకాళ్లు వంగలేదు. ఈసారి మానెయ్యనా?"

ఇలా అడిగేవాళ్లంతా మంచిపనే చేస్తున్నారు. అడగకుండా బయలుదేరేవాళ్ల గురించే నా బెంగ.

జవాబు ముందే చెప్పేస్తాను. మీలో చాలామంది నిక్షేపంగా ఎక్కవచ్చు. నడకను మించిన చవకమందు మరొకటి లేదు. గుండెకు, రక్తపోటుకు, చక్కెర వ్యాధికి, మనసుకు కూడా అది మేలు చేస్తుంది. కొండ దగ్గర అసలు ప్రమాదం ఎక్కడంలో లేదు, ఆగవలసిన చోట ఆగకపోవడంలో ఉంది. మనది పల్నాడు. బాలచంద్రుడి కథలు వింటూ పెరిగినవాళ్లం. వేసిన అడుగు వెనక్కి తీయడం మనకు నామోషీ. యుద్ధభూమిలో ఆ పౌరుషం అందమేమో కాని మెట్లదారిలో అది పనికిరాదు.

ఈ మాట డాక్టరు కనిపెట్టింది కాదు, స్థలపురాణమే చెబుతుంది. రోజూ కొండెక్కి స్వామిని సేవించిన గొల్లభామ ఆనందవల్లి కథ మీకు తెలిసిందే. గర్భం దాల్చాక ఆమె ఎక్కలేకపోయింది. "స్వామీ, ఇక నావల్ల కాదు, నువ్వే దిగి రా" అని వేడుకుంది. స్వామి ఆమె వెంట దిగివచ్చాడు. వెనక్కి చూడవద్దన్న షరతు ఆమె తప్పినచోట నిలిచిపోయాడు. చేతకానప్పుడు చేతకాదని చెప్పుకున్న భక్తురాలి మీద స్వామికి కోపం రాలేదని గమనించండి. మీ మీద మాత్రం ఎందుకు వస్తుంది?

ఎక్కేటప్పుడు గుండెకు ఏమవుతుంది?

కదలకుండా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు అయిదు లీటర్ల రక్తాన్ని తోడుతుంది. గబగబా మెట్లెక్కేటప్పుడు కాళ్ల కండరాలకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. కాబట్టి గుండె అంతకు రెండు మూడు రెట్లు రక్తం తోడాలి. నాడి వేగం హెచ్చుతుంది, రక్తపోటు పెరుగుతుంది, ఊపిరి వేగమవుతుంది. ఇదంతా సహజమే. ఒక నిమిషం నిలబడితే ఆయాసం తగ్గుముఖం పడుతుంది.

గుండెకు రక్తాన్ని చేరవేసే నాళాలు లోపల కొవ్వు పేరుకుని ఇరుకయ్యాయనుకోండి. ఇంట్లో తిరిగినంతసేపు ఆ లోపం బయటపడదు. చేలో నీరు పారించే కాలవ సగం పూడినా, ఒక మడికే నీరు పెడితే సరిపోతుంది. అన్ని మడులకూ ఒక్కసారిగా కావాలంటే చాలదు. మెట్లదారిలో జరిగేది ఇదే. అందుకే గుండెజబ్బు చాలామందికి మొట్టమొదట ఎత్తు ఎక్కేటప్పుడే తెలుస్తుంది.

యాభై దాటిన ఒక కిరాణా వ్యాపారి సంగతి చెబుతాను. మెట్లదారిలో ఆయనకు గుండెల మీద బండ పెట్టినట్లయింది. కూర్చుంటే తగ్గింది. గ్యాసు అనుకుని సోడా తాగి మళ్లీ లేచాడు. పది మెట్లెక్కేసరికి అదే బరువు, ఎడమచెయ్యి లాగడం, చొక్కా తడిసేటంత చెమట. మూడోసారి లేవబోతుంటే భార్య చెయ్యి పట్టుకుని, "ఏమండీ, దేవుడు ఎక్కడికీ పోడు. పదండి ఆస్పత్రికి" అంది. ఇ.సి.జి. తీస్తే గుండెపోటు మొదలైందని తేలింది. వేళకు వచ్చాడు కనుక బతికాడు. ఆనాడు సరైన వైద్యం చేసింది ఆ ఇల్లాలే.

గుర్తు పెట్టుకోండి. శ్రమపడితే వచ్చి, కూర్చుంటే తగ్గే ఛాతీ బరువు, దవడ నొప్పి, చెయ్యి లాగడం గ్యాసు కాదు. రుజువయ్యేదాకా అది గుండెజబ్బే. ఆడవాళ్లలోనూ, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లలోనూ నొప్పి లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి తగని ఆయాసం, చల్లని చెమట, వాంతి వచ్చినట్లుండడం, కాళ్లలో సత్తువ పోవడం మాత్రమే కనిపించవచ్చు.

అలాంటప్పుడు మనిషిని నడిపించవద్దు. కూర్చోబెట్టి 108కి ఫోను చెయ్యండి. ఆస్పిరిన్ పడని తత్వం, కడుపులో పుండు, రక్తస్రావం ఇలాంటివి లేనివారైతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు. సోడాలతో, అల్లం మురబ్బాతో కాలయాపన చేయవద్దు.

నెలన్నర ముందు నుంచి

పరీక్షకు ముందురోజు పుస్తకం తెరిచే కుర్రవాడికీ, శివరాత్రినాడే మొదటిసారి మెట్టెక్కే పెద్దమనిషికీ తేడా లేదు. కనీసం ఆరు వారాల ముందే మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు రోజూ అరగంట చదును నేల మీద నడవండి. తరువాతి రెండు వారాలు నలభై నిమిషాలు నడుస్తూ మధ్యలో మెట్లో, ఎత్తు దారో చేర్చండి. చివరి రెండు వారాలు వారానికి మూడుసార్లు ఇంటి మేడమెట్లు ఎక్కి దిగండి. మొదట అయిదుసార్లు, తరువాత పది.

వేగం ఎంత ఉండాలంటే, నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించమని అర్థం. ఈ కొలతకు గడియారంతో పని లేదు. రక్తపోటుకు వాడే కొన్ని మందులు నాడి వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవారు నాడి చూసి మోసపోతారు. వారికి కూడా ఈ మాటల పరీక్ష పనికివస్తుంది.

రెండంతస్తుల మెట్లు ఆగకుండా, ఛాతీలో ఇబ్బంది లేకుండా ఎక్కలేనివారు డాక్టరుకు చూపించుకున్నాకే కొండ మాట తలపెట్టాలి. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఉబ్బసం ఉన్నవారు, రక్తం తక్కువైనవారు కూడా అంతే. నెలలు నిండుతున్న గర్భిణులు ఘాట్ రోడ్డున వాహనంలో వెళ్లి దర్శనం చేసుకోవడం మేలు.

ఉపవాసం, జాగరణ, మాత్రలు

శివరాత్రి రోజున ఉపవాసం, కొండ, జాగరణ మూడూ ఒక్కసారే మీద పడతాయి. ఆరోగ్యవంతుడు తట్టుకుంటాడు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని, గ్లిబెంక్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు ఏమీ తినకుండా మెట్లెక్కితే రక్తంలో చక్కెర అమాంతం పడిపోతుంది. వణుకు, చెమట, గుండెదడ, మాట తడబడడం, చివరకు స్పృహ తప్పడం. చూసినవారు "పూనకం వచ్చింది" అనుకున్న సందర్భాలున్నాయి!

అలాగని సొంతంగా మందు మానేయడమూ తప్పే. వారంరోజుల ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఏ మందు ఎంత వాడాలో రాయించుకోండి. చక్కెరను మూత్రంలోకి పంపించే కొత్తరకం మాత్రలు వాడేవారు ఉపవాసముంటే ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదముంది. వారు ఈ సంగతి తప్పక అడగాలి. జేబులో నాలుగు చెంచాల చక్కెర గాని, గ్లూకోజు పొట్లం గాని ఉంచుకోండి. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే వెంటనే నోట్లో వేసుకుని కూర్చోవాలి. ఇది ఉపవాసభంగం కాదు, ప్రాణరక్షణ. పాలు, పండ్లు ఫలహారంగా తీసుకోవడం మన పెద్దలు ఒప్పుకున్నదే కదా!

రక్తపోటు మాత్రలు మాత్రం మానవద్దు. నీరు ఎక్కువ పోయించే మాత్ర వాడేవారు ఆ రోజు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

మన ఎండ సంగతి

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. అది పోయిందంటే మన దగ్గర ఎండ వచ్చినట్లే. వేసవిలో ఎండల వార్త వచ్చిందంటే రెంటచింతల పేరు ఉండి తీరుతుంది. నాపరాయి నేల, బండకొండలు, తక్కువ నీడ. పగలంతా తాగిన వేడిని ఈ రాళ్లు పొద్దుగూకాక కూడా వెళ్లగక్కుతుంటాయి. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారు. కాబట్టి ఎండను చులకన చేయకండి.

ఎండలో ఎత్తు ఎక్కేటప్పుడు గంటకు ఒక లీటరు చెమట పోవడం వింత కాదు. చెమటలో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమవుతుంది. బయలుదేరే ముందు రెండు గ్లాసులు, దారిలో ప్రతి పావుగంటకూ నాలుగు గుక్కలు తాగండి. వట్టి నీళ్లు లీటర్లకు లీటర్లు పట్టించడం కూడా మంచిది కాదు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. ఉప్పు వేసిన పలచని మజ్జిగ మన ఇంటి మందు. లేదా ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒక లీటరు నీళ్లలో కలుపుకోండి, 24 గంటల్లో వాడేయండి. పొట్లం దొరకకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఈ ఉప్పు చక్కెర నీళ్లను చిన్నచూపు చూడకండి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఎందరినో నిలబెట్టింది ఈ రకమైన ద్రావణంతోనే. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టి, తొమ్మిదిలోపు దిగివచ్చేలా చూసుకోండి. లేత రంగు నూలుబట్టలు, తలకు తువ్వాలు ఉండాలి. తిరునాళ్ల రద్దీలో ఇది కుదరదు. మొక్కు నడకకు వీలైతే మరో రోజు ఎంచుకోండి. ప్రభలు చూడడానికి తిరునాళ్లకు వెళ్లనే వెళతారు.

తల తిరగడం, పిక్కలు పట్టేయడం, తలనొప్పి మొదటి హెచ్చరికలు. నీడలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టి ఉప్పు మజ్జిగ ఇస్తే తేరుకుంటారు. ఒళ్లు కాలిపోతూ, మాటలు పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. ప్రాణాంతకం. ఉన్నచోటనే బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసరండి. ముందు చల్లబరచడం, తరువాతే తరలించడం. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు. జ్వరం మాత్రలతో వడదెబ్బ తగ్గదు.

దిగేటప్పుడే మోకాళ్లు

ఎక్కితే అయిపోయిందనుకుంటాం. మోకాళ్లకు అసలు పని దిగేటప్పుడే. ఒక్కొక్క మెట్టు దిగినప్పుడు మోకాలి కీలు మీద ఒంటి బరువుకు మూడు రెట్లకు పైగా పడుతుంది. డెబ్బయి కిలోల మనిషికి అది రెండు బస్తాల బియ్యం కంటే ఎక్కువే. తొడ కండరం సాగుతూనే బరువు ఆపవలసి రావడం వల్ల మర్నాడు, ఎల్లుండి ఆ నొప్పులు వస్తాయి. అవి నాలుగైదు రోజుల్లో పోతాయి. కీలు వాచినా, బిగుసుకున్నా మాత్రం డాక్టరుకు చూపించండి.

తొడ కండరం గట్టిగా ఉంటే మోకాలికి సగం భారం తగ్గినట్లే. కుర్చీలో కూర్చుని కాలు చాచి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచి దించండి. ఒక్కొక్క కాలికి పదిసార్లు, పూటకోసారి. దిగేటప్పుడు చేతికర్ర వాడండి, చిన్న అడుగులు వేయండి, పరుగెత్తకండి. మోకాళ్లు అరిగినవారికి మరో మాట. నడిచి ఎక్కడమే మీ మొక్కు, దిగడం మొక్కు కాదు. వాహనంలో దిగి రండి!

పాదాలు

చెప్పులు లేకుండా ఎక్కాలన్నది చాలామంది నియమం. చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ఎండకు కాగిన నాపరాయి మీద కాలు బొబ్బలెక్కినా వారికి తెలియదు. ఇంటికి వచ్చాక సాక్సుకో, చాపకో అంటిన తడి చూసి కనుక్కుంటారు. ఆ చిన్న పుండు ముదిరి వేళ్లు తీసివేయవలసి వచ్చినవారున్నారు. ఇలాంటివారు కొత్త చెప్పులు కాకుండా అలవాటైన బూట్లతో నడిచి, గుడి దగ్గర విడవండి. ఇంటికి రాగానే అరికాళ్లు అద్దం పెట్టి చూసుకోండి.

దీవిలో నడిచేవారికి

కోటప్పకొండ ఒకటే కాదు. సెలవులకు పిల్లలతో మాచర్ల వైపు వెళతారు. ఎత్తిపోతల చూసి, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చేరతారు. 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి ఇక్ష్వాకుల నాటి కట్టడాలను వెలికితీశారు. సాగర్ జలాశయం ఆ లోయను ముంచితే, కొండ నెత్తి దీవిగా మిగిలింది. కొన్ని కట్టడాలను పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

దీవి నడకలో ఒక మోసం ఉంది. చుట్టూ నీళ్లు, ఒంటికి గాలి. చెమట పట్టినట్లే ఉండదు, ఎందుకంటే పట్టినది పట్టినట్లు ఆరిపోతుంది. ఒంట్లో నీరు మాత్రం పోతూనే ఉంటుంది. నీటి మీద పడిన ఎండ తిరిగి కళ్లకు, ముఖానికి కొడుతుంది. పైగా లాంచీ వేళకే రావాలి, లాంచీ వేళకే పోవాలి కనుక మిట్టమధ్యాహ్నం నడవవలసి వస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ లేనిదే లాంచీ ఎక్కకండి. లాంచీలో లైఫ్ జాకెట్ తప్పక కట్టుకోండి.

ఈమధ్య మన ఊళ్ల తల్లిదండ్రులు అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లి, వారితో హవాయి దీవులు కూడా చూసివస్తున్నారు. అగ్నిపర్వతాల నుంచి పుట్టిన దీవులవి. ఒవాహు దీవి పడమటి కొసన కయేనా పాయింట్ అనే మొన ఉంది. దాకా సముద్రపు ఒడ్డు వెంట నడకదారి. నీడ ఉండదు. మన నాపరాయిలాగే ఆ నల్లని అగ్నిశిల ఎండను తాగి సెగలు కక్కుతుంది. గాలి చల్లగా తగులుతుంటుంది, చెమట తెలియదు. పేరు మారింది కాని సూత్రం నాగార్జునకొండదే. విమానం దిగిన మర్నాడే ఇలాంటి నడకకు ఒప్పుకోకండి. నిద్ర వేళలు కుదుటపడేదాకా నాలుగు రోజులు ఆగండి. మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి. అలలు తగిలే రాళ్ల మీద ఫొటోల కోసం నిలబడకండి. "నాన్నా, ఇక నేను కూర్చుంటాను, మీరు వెళ్లి రండి" అని కొడుకుతో చెప్పడానికి మొహమాటపడకండి.

పాములు, కోతులు

మన రాళ్ల గుట్టల్లో తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఉంటాయి. మెట్లదారి విడిచి పొదల్లోకి, బండల సందుల్లోకి పోవద్దు. చీకట్లో టార్చి ఉండాలి. కాటు వేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకండి. కాటుపడిన అవయవాన్ని కదలకుండా ఉంచి ఆస్పత్రికి చేర్చండి. ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ప్రభుత్వాస్పత్రులలో ఉచితంగా ఇస్తారు. పామును చంపి తేవలసిన పని లేదు, పసరు వైద్యంతో గంటలు పోగొట్టుకోవద్దు.

కొండ మీద కోతులకు ప్రసాదం చూపించకండి. కరిచినా, రక్కినా పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, ఆ రోజే రేబీస్ టీకా మొదలుపెట్టి, అన్ని మోతాదులూ పూర్తి చేయండి.

ఇక్కడ ఆగండి

ఈ గుర్తులు కత్తిరించి సంచిలో పెట్టుకోండి.

ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి.
నిలబడినా అయిదు నిమిషాల్లో తగ్గని ఆయాసం.
కళ్లు చీకట్లు కమ్మడం, తూలడం, మాట తడబడడం.
చల్లని చెమట, వాంతి.
ఎండలో ఉన్నట్టుండి చెమట ఆగి ఒళ్లు కాలిపోవడం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే మీ శిఖరం. అక్కడే కూర్చోండి, తోటివారిని పిలవండి. ఒంటరిగా దిగడానికి ప్రయత్నించకండి. వెంట ఉన్నవారికి కూడా ఒక మాట. "ఇంకొంచెమే ఉంది, ఎక్కెయ్యి" అని ఎవరినీ ఉసికొల్పకండి. ఆ ఇంకొంచెంలోనే ప్రాణం పోవచ్చు.

నిదానమే ప్రధానమన్నారు పెద్దలు. ఈ ఏడు సగం దాకా ఎక్కినవారు, ఆరోగ్యం చూపించుకుని, నడక అలవాటు చేసుకుని, వచ్చే ఏడు పైదాకా ఎక్కవచ్చు. కొండ ఎక్కడికీ పోదు. మీరు ఉండాలి.